గౌను మెడకు కుట్టిన ముసుగు

మా అమ్మాయి బాలే నేర్చుకునే హాలు ఐర్లండులోని నేస్‌లో మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంటుంది. దగ్గరే అయినా వానకు కారు తీసి, మొదట్లో నేను బయట అందులోనే కూర్చుని ఎదురుచూసే తల్లిని. చలికి తట్టుకోలేక తర్వాత లోపల బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఒకరోజు ఎవరి పిల్లదో గౌను భుజం దగ్గర ఊడిపోతే నా సంచిలోంచి సూదీ దారం తీసి అక్కడికక్కడే కుట్టిచ్చాను. అంతే, ఆ రోజు నుంచి ఆ హాలుకు కుట్టు మనిషిని నేనే.

మా అమ్మ బాపట్లలో జాకెట్లు కుట్టేది. క్రిస్మస్ వచ్చిందంటే సండే స్కూలు పిల్లలకు దేవదూతల అంగీలు, గొర్రెల కాపరుల దుప్పట్లు, జ్ఞానుల తలపాగాలు మా వసారాలోనే తయారయ్యేవి. మిషను తొక్కుతూ అమ్మ బైబిలు వాక్యం చెబుతుంటే మేం కింద కూర్చుని హుక్కులు కుడుతూ అప్పజెప్పేవాళ్ళం. అందుకే నాకు గుడ్డ పట్టుకుంటే వాక్యం, వాక్యం విప్పితే గుడ్డ గుర్తొస్తాయి. లేఖనంలో యాజకుడి వస్త్రాల గురించి చెప్పినంత వివరంగా మరే బట్టల గురించీ చెప్పలేదు. నీలం, ఊదా, ఎరుపు నూలు, అంగీ అంచున బంగారు గంటలు, వాటి మధ్య దానిమ్మ పండ్లు. మెడ చిరిగిపోకుండా చుట్టూ నేత పట్టీ వేయమని కూడా ఉంటుంది. చిన్నప్పుడు ఆ మాట వినగానే మా అమ్మ తలూపేది. దేవుడికి కుట్టుపని తెలుసన్న నమ్మకం నాకు అలా కలిగింది.

బాలే నేర్పే ఆవిడ ఎనభై దాటిన ఐరిష్ మనిషి. పిల్లలు మిస్ అంటారు, నేనూ మిస్ అనే అంటాను. కుర్చీలో కూర్చుని చేతికర్రతో నేల మీద తాళం వేస్తుంది. అందర్నీ 'పెట్' అని పిలుస్తుంది, మనం 'బంగారం' అన్నట్టు. కిందటి ఏడు క్రిస్మస్ సెలవులు అయ్యాక, వేసవిలో జరిగే ప్రదర్శనే తన చివరిదని చెప్పింది. మరుసటి వారం ఒక ఇనుప పెట్టె తెప్పించి నా ముందు పెట్టించింది.

ఆ పెట్టెలో ఉన్నవన్నీ ఆవిడ పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక చిన్న బృందంతో ఊరూరా తిరిగిన నాటివి. మడమల దగ్గర రఫూ చేసిన గులాబి రంగు మేజోళ్ళు. కొస అరిగిపోకుండా దారంతో దట్టంగా అల్లిన శాటిన్ చెప్పులు. మైనపు పువ్వుల కిరీటం. మోచేతుల దాకా వచ్చే తెల్ల గ్లవ్స్ మాత్రం స్టేజీ మీదికి కావు. ఆ రోజుల్లో బస్సు ఎక్కినా, టీకి వెళ్ళినా ఆడపిల్ల చేతులకు గ్లవ్స్ ఉండాల్సిందేనట. చర్చిలో పూజకు వెళ్ళేటప్పుడు తల మీద వేసుకునే నల్ల లేసు ముసుగు ఒకటి ఉంది. అది వాళ్ళ అమ్మదని చెప్పింది. మా సంఘంలో మేమూ చెంగు కప్పుకునే ప్రార్థన చేస్తామని చెబితే, ఆవిడ ఆ ముసుగును వేళ్ళతో సర్ది, ఇక్కడ ఇప్పుడు ఎవరూ కప్పుకోవడం లేదంది.

అన్నిటికంటే అడుగున తెల్ల గౌను ఉంది. పిక్కల దాకా వచ్చే పొడుగు గౌను. ఇప్పటి పిల్లల స్కర్టులు నైలాన్ నెట్‌తో కుడతారు. నలిపినా, తడిపినా వాటికేం కాదు. ఇది నూలు వల. గంజి పెట్టి బిర్రుగా చేసి, పొర మీద పొర వేసి కుట్టింది. తేమ తగిలితే గంజి మెత్తబడి పొరలన్నీ తడిసిన కోడి ఈకల్లా వాలిపోయేవట. ఐర్లండులో తేమ లేని హాలు ఎక్కడుంటుందని ఆవిడే నవ్వింది. పై బాడీ శాటిన్‌ది, లోపల మందపాటి లైనింగు, వీపున హుక్కులు. మెడ దగ్గర శాటిన్ అంచు మీది నుంచి భుజాలనూ కప్పుతూ గొంతు దాకా సన్నటి తెల్ల లేసు వేసి ఉంది.

ఆ నడుము చుట్టుకొలత చూసి, ఇది పెద్ద మనిషి గౌనేనా అన్నాను. అప్పుడు మేం తిన్నది అంతే పెట్ అంది. పెద్ద తరగతి పిల్లలందరిలో అది పట్టేది మా అమ్మాయికొక్కదానికే. దానికి పదిహేనేళ్ళు, వాళ్ళ నాన్నలాగే సన్నంగా ఉంటుంది. మిస్ కోరింది ఒకటే. ఆ గౌను మళ్ళీ ఒకసారి స్టేజీ ఎక్కాలి. తను ముందు వరసలో కూర్చుని చూడాలి. ఆ తర్వాత తలుపు వేసుకుని ఇంట్లో కూర్చుంటానంది.

గౌను ఇంటికి తెచ్చాక మొదటి సమస్య వాసన. చెమటా, పౌడరూ, పెట్టె తుప్పూ కలిసిన పాత వాసన. నేనైతే సబ్బునీళ్ళలో ముంచేసేదాన్నే. ఎవరిచ్చిన బట్టయినా ముందు ఉతకడం మాకు అలవాటు. మిస్ ఫోనులో ఆపింది. నీళ్ళలో పడితే గంజి పోతుంది, శాటిన్ ముడుచుకుపోతుంది, ఇలాంటి బట్టలకు వోడ్కాలో నీళ్ళు కలిపి లోపలి వైపు చల్లి గాలికి ఆరేయాలంది. నాటకాల వాళ్ళందరూ చేసేది అదేనట.

నా జీవితంలో నేను మద్యం కొన్నది అదొక్కసారే. పిల్లను స్కూల్లో దింపి సూపర్ మార్కెట్‌కి వెళితే సీసాలున్న చోట చిన్న గేటు వేసి ఉంది. పదిన్నర దాకా అమ్మరు. ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? బియ్యం వైపూ టీపొడి వైపూ తిరుగుతూ కాలక్షేపం చేసి, గేటు తీశాక ఉన్నవాటిలో చిన్న సీసా తీసుకున్నాను. కౌంటర్లో అమ్మాయి ఈ రాత్రి పార్టీయా అని నవ్వుతూ అడిగింది. కాదు, కుట్టుపని అన్నాను. గ్రాండ్ అంది. ఈ దేశంలో దేనికైనా ఆ మాట సరిపోతుంది.

పని అయ్యాక మిగిలిన సీసాను వంటింట్లో ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అలమరాలో వెనక్కి నెట్టి మరిచిపోయాను. ఆ శనివారం ప్రార్థన కూటం మా ఇంట్లో. ఆడమ్స్‌టౌన్ నుంచీ స్వోర్డ్స్ నుంచీ కుటుంబాలు వచ్చాయి. ప్రార్థన అయ్యాక టీ కోసం కప్పులు తీస్తానని పాస్టరమ్మ గారే లేచారు. వద్దండీ, నేను తీస్తానని నేను అనేలోగా ఆవిడ ప్రెస్ తలుపు తీశారు. ఒంగోలు మనిషి, దేనికీ గొంతు పెంచరు.

"ఏందమ్మా ఇది?"

"బట్టలకండీ."

"బట్టలకా?"

వెనక నిలబడ్డ సిస్టరొకామె, "మేమైతే సర్ఫే వాడతాం అక్కా" అంది. అందరూ నవ్వారు. పాస్టరమ్మ గారు నవ్వలేదు. సీసా పట్టుకుని, పద చూపించు అన్నారు.

గౌను పై గదిలో కిటికీ దగ్గర వేలాడుతోంది. ఆవిడ దగ్గరికి వెళ్ళి లైనింగు వాసన చూశారు. సీసా మూత తీసి అదీ వాసన చూశారు. సరేనన్నట్టు దాన్ని నా చేతికిచ్చి, గౌను చుట్టూ తిరిగి, మెడ దగ్గర లేసు మీద వేలు పెట్టారు.

"ఈ డాన్సు బట్టలంటే ఎట్టుంటాయో అనుకున్నా. గొంతు దాకా కప్పి ఎంత మర్యాదగా కుట్టారమ్మా. పాపను వెయ్యనియ్. నేనూ వచ్చి చూస్తా."

నిజం చెప్పాలంటే నేను మొదటి రోజు నుంచీ మనసులో అనుకున్నదీ అదే. మిగతా గౌన్ల కంటే దీన్ని ఇష్టంగా పట్టుకున్నది ఆ లేసు వల్లే.

తర్వాతి వారం హాల్లో మా అమ్మాయికి గౌను తొడిగాం. నడుము సరిగ్గా పట్టింది. తుప్పు పట్టిన హుక్కులు తీసేశాను కాబట్టి వీపును పిన్నులతో బిగించాను. మిస్ కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు చూసింది. ఆ తర్వాత చేతికర్ర ఎత్తి మెడ వైపు చూపించి, "అది తీసెయ్యి పెట్" అంది.

అది గౌనులో భాగం కాదట. గౌను తన చేతికొచ్చిన తర్వాత మొదటి ప్రదర్శన పడమటి వైపు ఒక చిన్న ఊళ్ళో, పారిష్ హాల్లో. మధ్యాహ్నం అమ్మాయిలు గౌన్లు తొడుక్కుని స్టేజీ చూసుకుంటుంటే ఆ ఊరి ఫాదరు గారు వచ్చారు. మెడలూ భుజాలూ కప్పకపోతే హాలు ఇవ్వనని చెప్పి తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళారు. ఆదివారం, కొట్లు లేవు. బృందం బట్టలు చూసుకోవడానికి వెంట వచ్చిన మిస్ వాళ్ళ అమ్మ కర్టెన్లూ లోపలి పావడాలూ కత్తిరించి అందరి మెడలూ కప్పింది. ఆ సంగతి తర్వాతి ఊళ్ళకూ పాకింది, కాబట్టి దారి పొడుగునా అదే పద్ధతి. ఆ ప్రయాణం ముగియకుండానే వాళ్ళ అమ్మకు జబ్బు చేసింది. తమ్ముళ్ళను చూసుకోవడానికి ఈవిడ ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ఆ బృందంతో వెళ్ళలేదు. గౌనును మొదట కుట్టిన తీరున తొడుక్కుని ఒక్కసారి కూడా ఆడలేదు.

"ఇన్నేళ్ళలో మీరే తీసేయొచ్చు కదా" అన్నాను.

"వేసుకునే మనిషి లేకుండా తీసి ఏం లాభం?"

తీయడం నాకు ఇష్టం లేదని ఆవిడ నా మొహం చూసి అర్థం చేసుకుంది. "నీ పిల్ల, నీ ఇష్టం. కానీ అది ఉంటే మాత్రం నేను ముందు వరసలో కూర్చోను. దాన్ని చాలాసార్లు చూశాను" అంది.

ఆ లేసు తీసేస్తే నీకేమైనా ఇబ్బందా అని ఇంటికి వస్తూ దారిలో అమ్మాయిని అడిగాను. "ఐ డోంట్ మైండ్, అమ్మా. ఇట్స్ ఓన్లీ మై షోల్డర్స్" అని ఫోను చూసుకుంటూ చెప్పింది. ఓన్లీ అన్న మాట నాకు నచ్చలేదు. శరీరం దేవాలయమని నేను సండే స్కూల్లో చెబుతాను, నమ్ముతాను కూడా. నా సొంత కూతురిని పదిమంది ముందు నిలబెట్టి, ఉన్న కప్పును నా చేత్తో తీసేయడం ఏమిటని రెండు రోజులు ప్రార్థనలో పెట్టాను. ఇంకోవైపు ఆ ముసలావిడ ముందు వరస కుర్చీ. మా వారిని అడిగితే, కుట్టేది నువ్వు, ప్రార్థన చేసేది నువ్వు, నన్నెందుకు మధ్యలోకి లాగుతావని కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళారు.

మూడో రోజు పొద్దున, తీసినా తీయకపోయినా ముందు కుట్టు ఎలా ఉందో చూద్దామని గౌను తిరగేశాను. గౌను మొత్తం కుట్టు చీమల బారులా సన్నంగా, దగ్గరగా ఉంది. మెడ దగ్గర లేసు మాత్రం పెద్ద పెద్ద టాకాలతో నిలబడి ఉంది. టాకా అంటే తర్వాత లాగేయడానికి వేసే కుట్టు. చివర ముడి కూడా బిగించలేదు, దారం రెండుసార్లు తిప్పి వదిలేసింది. కుట్టడం రాక కాదు. పక్కనే శాటిన్ చిరిగిన చోట అదే చెయ్యి వేసిన రఫూ ఉంది, ఎంత పనితనమో. అంటే ఆ తల్లి ఇది ఊడదీస్తానన్న ఉద్దేశంతోనే వేసింది. తలకప్పు లేకుండా గుడి గడప తొక్కని మనిషి, కూతురి గౌనులో పాపం ఉందనుకుని దాన్ని కప్పలేదు. ఆ సాయంత్రం హాలు తలుపు తెరిపించాలని కప్పింది.

లేసును పైకెత్తి శాటిన్ అంచు చూశాను. మెడ ఎముకల కిందికి ఒక బెత్తెడు, అంతే. వీపు అంతకంటే పైకే ఉంది. మా సంఘంలో పెళ్ళిళ్ళకు నేను కుట్టే జాకెట్ల వీపులు దీనికంటే ఎంతో కిందికి ఉంటాయి. సిస్టర్లు కొలతలిచ్చి మరీ కుట్టించుకుంటారు. పైన చెంగు ఉంటుంది కదా అనుకుంటాం. అలవాటైన చోట కళ్ళు ఆగవు, కొత్త చోట ఆగుతాయి. యాజకుడి వస్త్రాల గురించి నేను పిల్లలకు రంగులు వేయిస్తూ చెప్పే పాఠంలో కప్పడమూ ఉంది, అందమూ ఉంది. చూపించిన నమూనా ప్రకారం చేయమనీ ఉంది. కుట్టేవాళ్ళు తమ భయాన్ని అదనంగా జోడించమని ఎక్కడా లేదు. మోకరించి లేచి కత్తెర తీసుకున్నాను. కత్తెరతో పెద్ద పని పడలేదు. ఒక కొస పట్టుకుని లాగితే దారం మొత్తం వచ్చేసింది.

చేతికి వచ్చిన లేసును మడత విప్పితే నేను అనుకున్నదానికంటే పెద్దదిగా ఉంది. లోపలికి మడిచిన వైపు అలలు అలలుగా కుట్టిన అంచు ఉంది. అలాంటి అంచు గౌను మెడలకు ఉండదు. పెట్టెలోని నల్లదానికి ఉంది. ఇది దాని తోడుదే, తెల్లది, తల మీద వేసుకునేది. నడిమికి కత్తిరించి ఉంది.

దాన్ని శుభ్రంగా మడిచి తీసుకువెళ్ళి మిస్‌కు ఇచ్చాను. ఆవిడ విప్పి చూసి అంచు మీద బొటనవేలు నడిపించింది.

"ఇది అమ్మది. ఆ బస్సులో ఎక్కడో పోయిందని చెప్పింది" అంది. దాన్ని మళ్ళీ మడుస్తూ, "నా వంతు వచ్చేసరికి కర్టెన్ గుడ్డ అయిపోయి ఉంటుంది" అంది.

మళ్ళీ కుట్టమంటారా అని అడిగాను. వద్దంది. దాన్ని ఇంటికి తీసుకెళతానంది.

పాస్టరమ్మ గారికి ముందే చెప్పడం ధర్మమనిపించి ఫోను చేశాను. లేసు తీసేశానని, ఎందుకు తీశానో కూడా చెప్పాను. ఆవిడ మొత్తం విన్నారు.

"నాకు నచ్చలేదమ్మా. నువ్వు ప్రార్థన చేసి చేశానన్నావ్ కాబట్టి నిన్నేం అనను. కానీ నచ్చలేదు."

"అయితే రారా అండీ?"

"వస్తానని పాపకి చెప్పా గదా. వస్తా."

ప్రదర్శన రోజు తెర వెనక ఇంకో ఇబ్బంది వచ్చింది. పాత శాటిన్ కొత్త హుక్కుల బిగువుకు ఆగదని మిస్ ముందే చెప్పింది. కాబట్టి గౌను తొడిగాక వీపును మనిషి మీదే కుట్టేయాలి, అయిపోయాక దారం కోసి విప్పాలి. బాలేలో అది మామూలేనట. మా వైపు ఒంటిమీద ఉన్న బట్టను కుట్టరు. మా నాయనమ్మ చూస్తే చెయ్యి మీద కొట్టేది. నేను శకునాలు నమ్మను, నమ్మకూడదని పిల్లలకు చెబుతాను. అయినా సూది పట్టుకున్నాక నా చెయ్యి ఆగింది. అమ్మాయి అద్దంలోంచి నన్ను చూసి, "అమ్మా, ఆర్ యూ ప్రేయింగ్ ఆర్ స్టిచింగ్?" అంది. రెండూ అన్నాను. అన్నమాట ప్రకారమే చేశాను. నడుము నుంచి పైకి ఒక్కో కుట్టూ వేస్తూ, ఈ పిల్ల కాలు తడబడకుండా చూడు ప్రభువా, నా మనసు కూడా తడబడకుండా చూడమని అడిగాను.

తెర సందులోంచి హాలు కనిపిస్తోంది. మిస్ ముందు వరసలోనే కూర్చుంది. ఆ తెల్ల లేసు ఆవిడ ఒళ్ళో ఉంది. వెనక వరసలో పాస్టరమ్మ గారు శాలువా కప్పుకుని నిటారుగా కూర్చున్నారు. నీళ్ళలో ముంచకుండా గంజి కొత్తగా చల్లాను కాబట్టి స్కర్టు పొరలు మొదట బాగానే నిలబడ్డాయి. రెండో పాటకు హాలు తేమకు కొంచెం వాలాయి. అమ్మాయి ఒకచోట అడుగు ఆలస్యంగా వేసింది, అది నాకూ మిస్‌కూ తప్ప ఎవరికీ తెలిసి ఉండదు. తెల్లటి శాటిన్ అంచు పైన దాని మెడ ఎముకలు ఊపిరికి ఆడుతున్నాయి. నేను కళ్ళు తిప్పుకోలేదు. మిస్ పాట మొత్తంలో కర్ర కదపలేదు, తాళం వేయలేదు.

అయిపోయాక మిస్‌ను లోపలికి నడిపించుకొచ్చారు. ఆవిడ మా అమ్మాయి చుట్టూ ఒకసారి తిరిగి, భుజం దగ్గర శాటిన్ అంచును సరిచేసింది.

"చాలా మంచి కటింగ్. నేను అనుకున్నదానికంటే మంచి కటింగ్" అంది. కుర్చీ వేస్తే కూర్చుంది.

నేను చిన్న కత్తెర తీసుకుని వీపున కుట్లు కోయబోతుంటే పాస్టరమ్మ గారు తలుపు దగ్గరికి వచ్చారు. ఆవిడ చూపు ఎక్కడికి పోతుందో చూస్తున్నాను. అమ్మాయి ఆవిడను చూసి, "ఆంటీ, యూ కేమ్! ఇట్స్ ఫ్రీజింగ్ ఇన్ హియర్" అని రెండు చేతులతో భుజాలు రుద్దుకుంది. పాస్టరమ్మ గారు తన శాలువా తీసి దాని మీద కప్పారు.

"బాగా చేశావమ్మా. కదలమాక, మీ అమ్మ చేతిలో కత్తెరుంది."

శాలువా కింద చెయ్యి పెట్టి, తడిమి చూసుకుంటూ, కింది నుంచి పైకి దారం కోసుకుంటూ వచ్చాను.